టేపు బాబాయ్ కుట్టిన గేటు

టేపు బాబాయ్ ఏడో తరగతిలో బడి మానేశాడన్నది బడివాళ్ళ మాట. బాబాయ్ మాట ప్రకారం బడే ఆయన్ని అందుకోలేక వెనకబడిపోయింది. ఆ రోజు లెక్కల మాస్టారు బోర్డు మీద పెద్ద సున్నా చుట్టి, "దీని చుట్టుకొలత ఎంతరా?" అని అడిగితే, "ఎవరి నడుముకి మాస్టారూ?" అని ఈయన ఎదురు అడిగాడట. మాస్టారు తలుపు వైపు చూపించారు. నడిచినవాడు నడిచినట్టే వెళ్ళి ఒక దర్జీ కొట్లో తేలాడు, ఇప్పటికి ముప్ఫై అయిదేళ్ళయింది, ఇంకా ఆ పనిలోంచి బయటికి రాలేదు.

ఇప్పుడున్న కొట్టు ఆయన సొంతం. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల లోతు. రెండు కుట్టుమిషన్లు, ఒక కటింగు బల్ల, గుడ్డ మీద పెట్టి గీసుకోడానికి గోడ నిండా మేకులకి వేలాడే ఖాకీ కాగితాల కటింగులు. ఆ కొట్లో గుడ్డముక్కలు ఎన్ని ఉంటాయో గొప్పలు అన్ని ఉంటాయి. ఎండలో నడిచిపోతున్న మనిషి నీడ చూసి ప్యాంటు కుట్టిన చరిత్ర తనదని చెబుతాడు. అది కాస్త పొట్టయిన మాట నిజమేనట. మిట్టమధ్యాహ్నం నీడ మరి, తప్పు సూర్యుడిది. చీమకి చొక్కా కుట్టమన్నా కుడతానంటాడు, కాకపోతే ట్రయల్‌కి చీమే రావాలి.

ఇంతటి ఘనతకి మూలం ఆయన మెడలో వేలాడే గుడ్డ టేపు. పని నేర్పిన గురువుగారు మొదటి రోజే తన మెడలోంచి తీసి ఈయన మెళ్ళో వేశారు. ఒకప్పుడు పసుపు రంగు, ఇప్పుడు ఏ రంగో చెప్పాలంటే పంచాయితీ పెట్టాలి. పదిహేడు దాకా అంకెలు చెరిగిపోయాయి, బొటనవేలితో తడిమి చదువుతాడు. పెళ్ళి ఫొటోలో కూడా మెళ్ళో అదే ఉంది. ఫొటోగ్రాఫరు తీసెయ్యమంటే, "పెళ్ళికూతుర్ని కావాలంటే కాస్త పక్కకి జరపండి" అన్నాడని ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

బాబాయ్‌కి ఒక నియమం ఉంది. ఇంకొకరు రాసిచ్చిన కొలతలతో గుడ్డ కొయ్యడు. కొత్తలో రెండు మూడుసార్లు కోశాడు. ఊరు మారి వచ్చినవాళ్ళు పాత దర్జీ రాసిచ్చిన చీటీ తెస్తే దాని ప్రకారం కుట్టాడు. ప్రతిసారీ చొక్కా గుడారమై కూర్చుంది. దాంతో ప్రపంచంలోని మిగతా దర్జీలందరూ కొలతలు రానివాళ్ళని తేల్చేసి నిశ్చింతగా ఉన్నాడు.

కొట్టు గుమ్మం దగ్గర వాళ్ళక్క కూర్చుంటుంది. కాజాలు, హెమ్మింగు ఆవిడ పని. ఆవిడ కుట్టిన కాజాలోంచి గుండీ తప్పించుకుపోయిన దాఖలా లేదు. తమ్ముడు కోసిందల్లా కుట్టి సరిచెయ్యడం చిన్నప్పటి నుంచీ ఆవిడ వంతే, గుడ్డైనా సరే, కోతలైనా సరే. పసితనంలోనే కాళ్ళు పనిచెయ్యడం మానేశాయి. ఆ లోటు నోటితో ఎప్పుడో పూడ్చేసింది. చేత్తో పెడలు తిప్పే మూడు చక్రాల బండి ఆవిడది. ముందు ఒక చక్రం, సీటుకి అటూ ఇటూ రెండు. బాబాయ్ బావమరిది వెల్డింగు పని చేస్తాడు, అతనే రెండు పాత సైకిళ్ళు విడగొట్టి దాన్ని తయారుచేశాడు.

ఆ బండి మీద ఆవిడ ఒంటరిగా వెళ్ళగలిగింది బేకరీ దాకా. ఆ తర్వాత రోడ్డు వంతెన ఎక్కుతుంది. వంతెన అవతల నది. ప్రతి ఆదివారం తమ్ముడు వెనక నుంచి నెట్టాలి, పైకి చేరేసరికి ఇద్దరికీ ఊపిరి ఆడదు, మాట్లాడుకోవడానికి మిగిలేది తిట్లే.

ఇలా ఉండగా లైబ్రరీ తలుపు మీద ఒక కాగితం వెలిసింది. 'పాత గూడ్సు లైను మీద చెట్ల నీడన నడక దారి. ఊరివాళ్ళు వచ్చి మీ మాట చెప్పండి.'

కొట్టు వెనకనుంచే పోతుంది ఆ లైను. నూలు మిల్లు నుంచి నది దాకా. రైలు ఆగిపోయి పాతికేళ్ళు దాటింది. పట్టాలు పీకేశారు, కంకర మిగిలింది, కంకర సందుల్లో మొక్కలు లేచాయి, మొక్కల మధ్య జనం తొక్కి తొక్కి సన్నటి బాట పడింది. రైలుకి ఎత్తుపల్లాలు గిట్టవు కదా, ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచెయ్యిలా చదును.

అక్క ఆ కాగితం సంగతి విని సూది పక్కన పెట్టింది. "ఒరేయ్, ఆ మీటింగుకి వెళ్దాం. కొట్టు కట్టెయ్."

"కొలవకుండా నేను ఏ విషయం మీదా నోరు తెరవనే అక్కా," అన్నాడు బాబాయ్. లోకంలో ఇంతకన్నా పెద్ద అబద్ధం ఇంకా పుట్టలేదు. కానీ ఆ ఆదివారం నిజంగానే గుడ్డ టేపు తీసుకుని లైను మీద వంగాడు. అరవై అంగుళాల టేపు. పరచడం, సుద్దతో గీత పెట్టడం, జరగడం, మళ్ళీ పరచడం. వంద టేపులు అవగానే ఒక గుండీ జేబులో వేసుకునేవాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి నది ఒడ్డు చేరాడు. జేబులో పన్నెండు గుండీలు, పైన ఎనభై ఒక్క టేపులు. నడుము మాత్రం రెండు రోజుల తర్వాత గానీ ఇంటికి చేరలేదు.

మీటింగు రోజు లైబ్రరీ హాలు కిటకిటలాడింది. మున్సిపాలిటీ ప్లానింగు విభాగం నుంచి వచ్చిన ఇంజనీరు పాతికేళ్ళ అమ్మాయి, ఊరు ఊరంతా కలిసి గంటలో ఆ అమ్మాయిని ప్లానమ్మాయి చేసేసింది. బల్ల మీద బల్లంత మ్యాపు పరిచింది. నచ్చిన చోట ఆకుపచ్చ బిళ్ళ, నచ్చని చోట ఎర్ర బిళ్ళ అంటించమంది. జనం దారి సంగతి వదిలేసి ఎవరిల్లు వాళ్ళు వెతుక్కున్నారు. బేకరీ ఆయన తన బేకరీ మీద ఏడు ఆకుపచ్చ బిళ్ళలు అంటించి, దూరంగా నిలబడి చూసుకున్నాడు.

"పొడవెంత అంటున్నారు అమ్మాయిగారూ?" అన్నాడు బాబాయ్, గొంతు సవరించుకుని.

"సరిగ్గా రెండు కిలోమీటర్లండీ."

"తప్పు. నేను కొలిచాను. పన్నెండు వందల ఎనభై ఒక్క టేపులు."

ప్లానమ్మాయి నవ్వకుండా ఫోను తీసి గుణించింది. "అరవై అంగుళాల టేపేనా బాబాయ్‌గారూ? అయితే నలభై ఎనిమిది మీటర్లు తక్కువొస్తోందే. ఎక్కడో లెక్క తప్పినట్టున్నారు."

"లెక్క తప్పడమా? నేనా?"

"బడి మానేసింది ఆ లెక్క దగ్గరే," అంది అక్క. హాలంతా నవ్వింది. బాబాయ్ ముఖం మాడిన ఇస్త్రీ గుడ్డలా అయింది.

అప్పుడు లేచారు రిటైర్డు పోస్టుమాస్టరు. రోజూ తెల్లారకుండానే నడిచే బృందానికి ఆయన పెద్ద. రెండేళ్ళ కిందట కాలిబాట మీదికెక్కిన మోటారుసైకిలు ఒకటి ఆయన మోచెయ్యి విరిచింది, అది ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు. "చెట్లు పెట్టండి, బెంచీలు పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ దారిలోకి మోటారుసైకిలు దూరితే మాత్రం నేను ఊరుకోను."

"దూరదండీ. రెండు చివర్లా ఇనప స్తంభాలు పెడతాం. మధ్యలో ముప్ఫై అంగుళాలే ఖాళీ. హ్యాండిలు పట్టదు."

చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగాక అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్, నా బండి ఎంతుందో చూడు."

బాబాయ్ వంగి వెనక ఇరుసు ఈ కొస నుంచి ఆ కొసకి టేపు లాగాడు. "ముప్ఫై నాలుగు."

పోస్టుమాస్టరు ఇబ్బందిగా కదిలారు. "మీరు రాకూడదని కాదమ్మా నా ఉద్దేశం. కానీ నాలుగంగుళాలు పెంచితే మోటారుసైకిలుకి తలుపు తీసినట్టే."

"పక్కన తాళం వేసిన గేటు ఉంటుందండీ," అంది ప్లానమ్మాయి తడబడుతూ. "మీరు ఫోను చేస్తే మావాళ్ళు వచ్చి తీస్తారు."

"ఊరికే గాలి పీల్చుకోడానికి వెళ్ళాలన్నా మీ ఆఫీసుకి ఫోను చెయ్యాలన్నమాట. ఆదివారం మీవాళ్ళు సెలవైతే నేను ఊపిరి బిగబట్టుకోనా అమ్మాయ్?"

ప్లానమ్మాయి ఎర్రబడి కాగితాల కట్ట సర్దుకుంది. తర్వాత సూటిగా చూసింది. "మూడు వారాల్లో డ్రాయింగు పైకి పంపాలండీ. మోటారుసైకిలు ఆగాలి, మీ బండి వెళ్ళాలి. రెండూ జరిగే దారి ఎవరు చెప్పినా, నేను నా పేరు పెట్టి పంపిస్తాను. నాకైతే తట్టట్లేదు."

ఇంటికి వచ్చేటప్పుడు బాబాయ్ బండి నెడుతూ అన్నాడు. "పోనీలే అక్కా. ఆదివారం నేనున్నాగా. వంతెన మీంచే వెళ్దాం."

"నువ్వున్నావు కాబట్టేరా వద్దంటున్నది," అంది అక్క, వెనక్కి తిరక్కుండా. "నాకు యాభై రెండేళ్ళొచ్చాయి. ఎవరికీ చెప్పకుండా ఇంట్లోంచి వెళ్ళి, ఆలస్యంగా వచ్చి, ఎక్కడికెళ్ళావంటే అబద్ధం చెప్పే భాగ్యం నాకు ఒక్కసారీ కలగలేదు. నా అబద్ధం చెల్లకుండా, నెట్టినవాడు పక్కనే నిలబడి ఉంటాడు."

మర్నాడు కొట్టు తెరవగానే బాబాయ్ కొయ్యాల్సిన గుడ్డ పక్కకి నెట్టి సుద్దముక్క అందుకున్నాడు.

పది రోజులు గడిచాయి. బాబాయ్ స్తంభాలు అటు జరిపి చూశాడు, ఇటు జరిపి చూశాడు, అన్నీ సుద్దతో కటింగు బల్ల మీదే. పదకొండో రోజు పొద్దున అక్క ఒక స్కూలు పిల్ల గౌనుకి కింద అంచు కుడుతోంది. గౌను ఆవిడ ఒళ్ళోంచి జారి, నడుం పట్టీ పట్టుకున్న చేతికి వేలాడింది. పైన నడుము దగ్గర బిగుతు, కిందికి వచ్చేకొద్దీ విప్పారింది.

బాబాయ్ దాన్ని చూశాడు. గుమ్మంలో ఉన్న అక్క బండిని చూశాడు. రోడ్డు మీద ఆగి ఉన్న మోటారుసైకిలుని చూశాడు.

"అక్కా, మోటారుసైకిలు ఎక్కడ లావు?"

"నీ బుర్ర ఉన్నచోటే. పైన."

"నీ బండి?"

అక్క సూది ఆగిపోయింది. "కింద."

"మరి గేటుకి నిటారు స్తంభాలెందుకు? ప్యాంటు తొడగాల్సిన ఒంటికి గోనెసంచి తొడిగినట్టు? గౌను కట్ చేద్దాం. హ్యాండిలు వచ్చే ఎత్తులో నడుం పట్టీ, చక్రాలు వచ్చే చోట గేరు, గౌను విప్పారే అంచు."

"నీడ చూసి ప్యాంటు కుట్టడం నిజమేనేమోరా," అంది అక్క. ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడ నోట వచ్చిన మొదటి మెచ్చుకోలు అదే. బాబాయ్ తేదీ వేసి గోడ మీద సుద్దతో రాసుకున్నాడు.

ఆ శనివారం గూడ్సు లైను మొదట్లో రెండు కర్రలు పాతి వాటి మధ్య మందపాటి కేన్వాసు గుడ్డ కట్టాడు. గుడ్డ మధ్యలో గౌను ఆకారంలో కోత. ఎత్తు నలభై నాలుగంగుళాలు, ఆ పైన ఖాళీ ఆకాశం. పైన సన్నం, కింద వెడల్పు. ఊళ్ళో చొక్కాకి ట్రయల్ చూసుకున్నవాళ్ళున్నారు, కోటుకి చూసుకున్నవాళ్ళున్నారు. గేటుకి ట్రయల్ చూసుకున్న ఊరు మాత్రం అదొక్కటే. మైళ్ళ దూరం నుంచి జనం వచ్చారని బాబాయ్ చెబుతాడు. వచ్చింది నలభై మంది, అందులో ముగ్గురు దారి తప్పినవాళ్ళు.

పాలు పోసే ఆయన మోటారుసైకిలు తెచ్చాడు. ముందు చక్రం దూరింది, హ్యాండిలు రెండు పక్కలా గుడ్డకి తట్టుకుని ఆగిపోయింది. కొమ్ములున్న ఎద్దు కిటికీలో తల పెట్టినట్టు కాసేపు గింజుకుని వెనక్కి తగ్గాడు. పోస్టుమాస్టరు దగ్గరుండి మూడుసార్లు ప్రయత్నించమన్నారు. సైకిలువాళ్ళు హ్యాండిలు ఓరగా తిప్పి దాటించారు. బేకరీ ఆయన ఊపిరి బిగబట్టి పక్కవాటుగా దూరాడు. "లోపల పొట్ట దగ్గర ఇంకో అంగుళం వదలండి బాబాయ్," అన్నాడు.

"నువ్వు ఆ అంగుళం ఒక రొట్టె మీద వదిలెయ్, గేటు దానంతటదే సరిపోతుంది."

చివర్న అక్క వచ్చింది. మోచేతులు దగ్గరికి లాక్కుని పెడలు తిప్పింది. చక్రాలు రెండు వైపులా గుడ్డని ముద్దుపెట్టుకున్నట్టు రాసుకుంటూ అవతలికి వెళ్ళిపోయాయి.

పోస్టుమాస్టరు తన వంకర మోచేత్తోనే చప్పట్లు కొట్టారు. "ఇంకెక్కడా పెంచకు. ఇలాగే ఉండనీ."

"అతికినట్టు కుట్టానండి. అటొక పావు, ఇటొక పావు, అంతే లూజు."

ప్లానమ్మాయి కళ్ళు మెరిశాయి. పుస్తకం తీసి గబగబా బొమ్మ గీసుకుంది. "బాబాయ్‌గారూ, ఈ కటింగు కాగితం ఒకసారి ఇస్తారా? కొలతలు తీసుకుని తిరిగిచ్చేస్తాను."

అక్కడే పుట్టింది ముసలం. "దర్జీని కటింగు కాగితం అడగడమంటే మనిషిని నాలుక అడగడం," అన్నాడు బాబాయ్ ఛాతీ విరిచి. "అంకెలు చెబుతాను, రాసుకోండి. పైన ఇరవై నాలుగు. కింద ముప్ఫై నాలుగున్నర. వెంట్రుకవాసి తేడా వస్తే ఈ టేపుతో ఉరేసుకుంటాను."

అమ్మాయి రాసుకుంది. డ్రాయింగు పైకి వెళ్ళింది, పాసై కిందికి వచ్చింది. ఆరు నెలల్లో దారి తయారైంది. నీడ కోసం పాత చెట్లు ఒక్కటీ కొట్టలేదు, ఎందుకంటే వాటి మీదే ఊరివాళ్ళు ఎక్కువ ఆకుపచ్చ బిళ్ళలు అంటించారు. పాత గూడ్సు ప్లాట్‌ఫారం అలాగే ఉంచి బెంచీలు వేశారు. రెండు చివర్లా గేట్లు చేసే పని బాబాయ్ బావమరిదికే దక్కింది.

ప్రారంభం రోజు పొద్దున్నే అందరూ చేరారు. రిబ్బను కత్తిరించాక మొదట వెళ్ళేది అక్కేనని ప్లానమ్మాయి ముందే చెప్పింది. అక్క ఆ రోజు కొత్త జాకెట్టు వేసుకుంది, కాజాలు తనవే. పెడలు తిప్పింది. బండి గేట్లోకి వెళ్ళింది.

టక్కుమంది. ఆగిపోయింది.

ఇరుసు రెండు కొసలూ ఇనప గొట్టాలకి తగులుకున్నాయి. వెనక్కి వచ్చి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ టక్కు. గుడ్డ అయితే కాస్త దయ చూపించేది, ఇనుముకి ఆ అలవాటు లేదు. అక్క పెడలు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బాబాయ్ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఏరా బావమరిదీ, ఏం చేశావు?"

"నువ్వు చెప్పిన అంకెలే బావా. స్టీలు టేపుతో పదిసార్లు కొలిచా. కింద ముప్ఫై నాలుగున్నర. చూసుకో."

"నిద్రపోతూ కొలిచుంటావు."

"నేను నిద్రపోతూ కొలుస్తా, నువ్వు నిద్రపోతూ కోస్తావు. మీ అక్క బండి చేసింది నేనే, దాన్నే ఆపేస్తానా?"

జనంలో గుసగుస మొదలైంది. వెల్డింగువాడు ఇనుము మిగుల్చుకున్నాడని ఒకరు. ఇనుము చలికి ముడుచుకుందని ఇంకొకరు. పోస్టుమాస్టరు నిట్టూర్చారు. "ఈ గౌను వ్యవహారం చూడ్డానికి బాగుంది గానీ పనికొచ్చేలా లేదు. నిటారు స్తంభాలు, పక్కన తాళం గేటు, అదే నయమేమో అమ్మాయ్."

ప్లానమ్మాయి బాబాయ్‌ని కాస్త పక్కకి పిలిచింది. చేతిలో స్టీలు టేపు ఉంది. "ఒక్కసారి మీ టేపు ఇవ్వండి."

బాబాయ్ మెడలోంచి తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి రెండు టేపులూ పక్కపక్కన పరిచి, రెండు సున్నాలూ కలిపి పట్టుకుంది. ముప్ఫై దగ్గరికి వచ్చేసరికే అవి విడిపోయాయి. గుడ్డ టేపు అరవై అన్నచోట స్టీలు టేపు అరవై ఒకటిన్నర అంది.

"సాగిపోయింది," అంది ప్లానమ్మాయి నెమ్మదిగా. "అందుకే ఆ రోజు నలభై ఎనిమిది మీటర్లు తక్కువొచ్చాయి. మీరు లెక్క తప్పలేదు బాబాయ్‌గారూ. పన్నెండు వందల ఎనభై ఒకటీ సరైనదే."

బాబాయ్‌కి ముప్ఫై అయిదేళ్ళు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఆ టేపుతోనే ఒళ్ళు కొలిచాడు, ఆ టేపుతోనే గుడ్డ కోశాడు. అబద్ధమూ అదే చెప్పింది, సాక్ష్యమూ అదే పలికింది, ఇంక తప్పు ఎక్కడ బయటపడుతుంది? ఇంకొకరి కొలతలు తెచ్చినప్పుడల్లా చొక్కాలు గుడారాలు ఎందుకయ్యాయో ఇప్పుడు తెలిసింది. మొదటిసారి తన అంకె ఇంకొకరి టేపు మీదికి వెళ్ళింది, అక్క గేట్లో ఇరుక్కుంది.

"నేను కొత్త కొలత తీసుకున్నానని చెబుతాను," అంది ప్లానమ్మాయి గొంతు తగ్గించి. "మీ టేపు ఊసు రానక్కర్లేదు."

బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది తల వంచుకుని బూటుతో కంకర తన్నుతున్నాడు. పోస్టుమాస్టరు తాళం గేటు ఎక్కడ పెట్టాలో ఎవరికో చేత్తో చూపిస్తున్నారు. ఆ చెయ్యి ఇంకో నిమిషం అలా తిరిగితే గౌను పోయి గోనెసంచి వచ్చేస్తుంది. అక్క ఇంకా అక్కడే ఉంది, అటూ ఇటూ కాకుండా.

ఆయన టేపు తీసుకుని గేటు ముందు నిలబడ్డాడు. గొప్పలు చెప్పేటప్పుడు ఎంత గొంతుతో చెబుతాడో అంత గొంతుతోనే చెప్పాడు.

"గేటు ఆకారంలో తప్పు లేదు. మా బావమరిది పనిలో తప్పు లేదు. నా టేపు అంగుళమున్నర సాగింది. ముప్ఫై అయిదేళ్ళుగా మీ అందరికీ దొంగ టేపుతో బట్టలు కుట్టాను."

బేకరీ ఆయన తన ప్యాంటు నడుము వైపు చూసుకున్నాడు. "మరి ఇది సరిగ్గానే ఉందే?"

"ఉంటుంది. దొంగ టేపుతో కొలిచి దొంగ టేపుతోనే కోశాను. దొంగకి దొంగ సరిపోయాడు. ఈ గేటుకే దొరని తోడిచ్చాను."

"ఉరేసుకుంటానన్నావు కదయ్యా ఆ టేపుతో," అన్నారు పోస్టుమాస్టరు.

"సాగిపోయింది కదండీ. వేసుకున్నా కాళ్ళు నేలకే ఆనుతాయి."

ముందు నవ్వింది అక్కే. గేట్లో ఇరుక్కున్నచోటే, బండి ఊగేలా నవ్వింది. తర్వాత ఇంకెవరూ ఆపుకోలేదు. పోస్టుమాస్టరు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "సరే, తాళం గేటు మాట మరిచిపోండి," అన్నారు.

బాబాయ్ కొట్టుకి వెళ్ళి మేకుకి వేలాడుతున్న ఖాకీ కాగితం కటింగు తెచ్చి, రెండు చేతులతో బావమరిదికి ఇచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళలో ఆయన చెయ్యి దాటిన మొదటి కటింగు అదే. "అంకెలొద్దు. దీన్ని ఇనుము మీద పెట్టి, అంచు ఎక్కడుంటే అక్కడ గొట్టం నిలబెట్టు."

"కుట్టు కోసం లోపల మడత ఏమైనా వదిలావా బావా?"

"ఒరేయ్, ఇనుముకి మడతేంటి?"

"నిన్ను నమ్మలేం. అడగడం మంచిది."

మధ్యాహ్నానికల్లా బావమరిది రెండు గేట్లూ విప్పి మళ్ళీ అతికించాడు. తేడా ఎంతంటే రెండు వైపులా కలిపినా అంగుళం నిండదు. పాలాయన మోటారుసైకిలు మళ్ళీ ఇరుక్కుంది. బేకరీ ఆయన మళ్ళీ ఊపిరి బిగబట్టాడు. అక్క బండి మాత్రం కాజాలో గుండీలా దూరి అవతల తేలింది.

బాబాయ్ అలవాటుగా బండి వెనక చెయ్యి వెయ్యబోయాడు.

"చెయ్యి తియ్," అంది అక్క.

"కాస్త దూరం..."

"ఇక్కడెక్కడా ఎత్తు లేదు. నీకు కొట్టు లేదూ? వెళ్ళు. వెనక్కి తిరిగి చూశానంటే నువ్వు కనపడకూడదు."

ఆయన వెళ్ళాడు. కొట్లో కూర్చున్నాడు. ఒక ప్యాంటు కుట్టడం మొదలుపెట్టి ఎడమ కాలు రెండుసార్లు కుట్టాడు. నాలుగైంది. అయిదైంది. భార్య వచ్చి, "ఆవిడ చిన్నపిల్లా? గడియారాన్ని అలా చూస్తే అది సిగ్గుపడి ఆగిపోతుంది," అని వెళ్ళింది. ఆరవుతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. దారి వెంట దీపాలు వెలిగే వేళకి పెడలు చప్పుడు వినిపించింది.

అక్క తీరిగ్గా వచ్చింది. జుట్టు గాలికి చెదిరి ఉంది. ముఖం ఎండకి కందింది.

"ఇంతసేపు ఎక్కడికెళ్ళావే?" గొంతులో వాళ్ళ నాన్న పలికాడు.

"కాజాల దారం అయిపోయింది. కొనుక్కొద్దామని ఇలా బేకరీ దాకా."

బేకరీలో దారం దొరకదు. దారం పొట్లం ఒళ్ళో లేదు. చక్రాల నిండా నది ఒడ్డు తడి ఇసుక అంటుకుని ఉంది. సీటు మూలలో ఎక్కడో కోసుకున్న అడవిపువ్వొకటి. బాబాయ్ ఇసుకని చూశాడు, పువ్వుని చూశాడు, ఏమీ చూడనట్టు పైకి చూశాడు.

"దారమే కదా, దొరికిందా మరి?"

"లేదురా. రేపు మళ్ళీ వెళ్ళాలి."

"ఇంతకీ ఎంత దూరం వెళ్ళావు?"

అక్క బండి గుమ్మంలో తన చోట నిలిపి, చేతులు దులుపుకుని, సూది అందుకుంది.

"ఏ టేపుతో చెప్పమంటావు?"